పెరూలో గుండ్రటి మెట్ల పొలం: ఇంకాల 'వ్యవసాయ విశ్వవిద్యాలయం' అన్నది నిజమేనా?

కృష్ణలంక_శీను
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచీ ఒకటే ఫొటో తిరుగుతోంది. నేల లోపలికి దిగిన స్టేడియంలా గుండ్రటి మెట్లు, అడుగున పచ్చటి పళ్లెం. పెరూలో మోరాయ్ అనే చోటట. కింద రాసింది: "ప్రపంచపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఇంకాలు కట్టారు. ఒక్కో మెట్టుకీ ఒక్కో వాతావరణం. సైన్సు ఇప్పటికీ తేల్చుకోలేకపోతోంది." సైన్సు తేల్చుకోలేనిది మా గ్రూపు అడ్మిన్ ఎలా తేల్చాడో తెలీదు.

జోకు పక్కన పెడితే నా అనుమానం ఇది. ఇంకాలకి, అంటే స్పెయిన్ వాళ్లు రాకముందు పెరూని ఏలినవాళ్లకి, దున్నే ఎద్దు లేదు, ఇనుము లేదు, బండి చక్రం లేదు. మరి ఆ కొండల మీద కోటి మందికి అటూ ఇటూగా తిండి ఎలా పండించారు? తెలిసినవాళ్లు చెప్పండి.

తూము_శాస్త్రి
శీనుగారూ, సగం నిజం, సగం మసాలా. మోరాయ్ కుస్కో నగరానికి వాయవ్యంగా 50 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. పెద్ద గుంట 30 మీటర్ల లోతు ఉంటుంది. పై మెట్టుకీ అడుక్కీ 15 డిగ్రీల తేడా అని గైడ్లు చెబుతారు. జాన్ ఎర్ల్స్ అనే పరిశోధకుడు అక్కడి మట్టి వేడిని కొలిచి, ఏ ఎత్తులో ఏ పంట వస్తుందో చూసుకోడానికి కట్టిన ప్రయోగక్షేత్రం కావచ్చని వాదించాడు. కాదు, పూజల కోసం కట్టిందని మరికొందరంటారు. ఇంకాలకి లిపి లేదు. ముడులు వేసిన తాళ్లు, అంటే కీపులే వాళ్ల లెక్కల పుస్తకాలు. కాబట్టి 'విశ్వవిద్యాలయం' బోర్డు మన కాలంవాళ్లు తగిలించిందే.

నన్నడిగితే మోరాయ్ కంటే ముందు చూడాల్సింది ఆండీస్ కొండల నిండా ఉన్న మామూలు మెట్ల మళ్లు. నీటిపారుదల శాఖలో చెరువు కట్టలు చూసుకుంటూ ఉద్యోగం అయిపోయినవాణ్ణి, నాకు వాటి కడుపులో ఏముందన్నదే ఆసక్తి. ముందు రాతిగోడ, కొండవైపు కాస్త వాలుగా. దాని వెనక అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆపైన ఇసుక మట్టి, అన్నిటికంటే పైన వేరేచోటి నుంచి మోసుకొచ్చి పోసిన మంచి మట్టి. కట్టకి కింది వైపు మేం రాక్‌టో, అంటే రాళ్ల పేర్పు, ఎందుకు పెడతామో వాళ్లు ప్రతి మెట్టుకీ అదే చేశారు. నీరు లోపల ఆగకూడదు, మట్టి బయటికి పోకూడదు. ఆగితే గోడ పొట్ట ఉబ్బి పడిపోతుంది. ఇంకో లాభం, పగలు ఎండకి కాగిన రాయి రాత్రిపూట ఆ వేడిని మొక్క మొదట్లోకి వదులుతుంది.

ఇంకాల కొండ పట్నం మాచు పిచ్చులో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకి దగ్గరగా వాన పడుతుంది. అక్కడి మెట్లకి పారకపు కాలవే లేదు, వానే సరిపోయేది. వాటి పని పండించడంతోపాటు కొండని జారిపోకుండా పట్టుకోవడం. కెన్నెత్ రైట్ అనే నీటి ఇంజినీరు లెక్కలో ఆ ఊరి నిర్మాణంలో 60 శాతం కంటికి కనబడదు, అంతా భూమిలోనే ఉంది. మా డిపార్టుమెంటులో అయితే కనబడని పనికి బిల్లు పాస్ చేయించుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

సీతంపేట కొండల్లో సవరలు రాళ్లు పేర్చి కట్టుకున్న మెట్ల మళ్లు చూసినవాళ్లకి ఈ పద్ధతి మరీ వింతగా అనిపించదు.

నిజం_దాస్తున్నారు
రాయికీ రాయికీ మధ్య బ్లేడు దూరదు. ఇనుము లేకుండా మనుషులు చేశారంటే నమ్ముతారా? పైనుంచి వచ్చినవాళ్లు నేర్పారు. అందరికీ తెలుసు, చెప్పరు.

తూము_శాస్త్రి
నాయనా, బ్లేడు దూరని గోడలు గుళ్లకీ రాజమందిరాలకీ. పొలం గోడలు చాలామటుకు దొరికిన రాళ్లు పేర్చినవే. బ్లేడేం ఖర్మ, అరచెయ్యి దూరుతుంది. అలా ఉండాలి కూడా, నీళ్లు కారిపోవద్దూ? 2010 వానలకి మోరాయ్‌లోనే పెద్ద చక్రం తూర్పు వైపు కొంత కూలింది. పైనుంచి వచ్చినవాళ్లు కడితే గ్యారంటీ పీరియడ్ ఇంకా ఎక్కువ ఇచ్చేవాళ్లు.

పెద్దపల్లి_రైతు
సారూ, గోడ ముచ్చట సమజైంది. ఎడ్లు లేకుంట దున్నుడెట్ల? నాకు నాలుగెకరాల మక్క ఉన్నది, ట్రాక్టర్ ఒక్కరోజు లేటయితేనే పానం ఆగది.

అరెకీపా_పద్మ
నమస్తే అండీ. మా ఆయన గనుల ఉద్యోగం వల్ల మూడేళ్లు పెరూలో ఉన్నాం, అరెకీపాలో. ఆ మూడేళ్లలో కోల్కా లోయకీ, తితికాకా సరస్సు పక్కనున్న పూనో వైపుకీ చాలాసార్లు వెళ్లాను. రైతుగారు అడిగింది నా కళ్లతో చూశాను.

దాన్ని చాకితక్యా అంటారు. కాలితో తొక్కే నాగలి అనుకోండి. మనిషెత్తు కర్ర, కింద మొన, ఆ పైన పాదం ఆనించడానికి అడ్డకర్ర, పట్టుకోడానికి పిడి. మగవాళ్లు ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నిలబడి ఒక్కసారే ఎగిరి తొక్కుతారు. పెళ్ల లేస్తుంది. ఎదురుగా వంగి ఉన్న ఆడమనిషి దాన్ని చేత్తో తిరగేస్తుంది. వాళ్లు ఒక అడుగు వెనక్కి, ఈమె ఒక అడుగు ముందుకి. పాట ఉంటుంది, మధ్యలో ఎవరో ఒకరు జోకు వేస్తారు, అందరూ ఆగిపోతారు. పూర్వం మొనకి కంచు వేసేవాళ్లు, ఇప్పుడు ఇనుము. నిలువు వాలులో ట్రాక్టరు ఎక్కదు, ఎద్దు నిలబడదు, అందుకే అది ఇంకా బతికుంది.

లామాలు ఉన్నాయి కానీ దున్నవు. పాతిక కిలోల బరువు వేస్తే మోస్తాయి, ఎక్కువేస్తే కూలబడి ఉమ్మేస్తాయి. వాటి పేడ మాత్రం బంగారం.

ఏటా తొలి సాలు రాజే వేసేవాడట, బంగారు తొడుగున్న చాకితక్యాతో, కుస్కో పైన కోల్కంపాటా అనే మడిలో. ఇంకా తల్లికీ స్పానిష్ తండ్రికీ పుట్టిన గార్సిలాసో దె లా వేగా 1609లో అచ్చయిన తన పుస్తకంలో దీని గురించి రాశాడు. మన ఏరువాక గుర్తొచ్చింది నాకు.

పెద్దపల్లి_రైతు
పద్మక్కా, మంచిగ చెప్పినవ్. రాజు ఒక్క సాలు ఏసి ఇంటికి పోతడు. మిగిలిన సాళ్లు ఎవలు ఏసిన్రు? కూలి ఎంత?

తూము_శాస్త్రి
డబ్బే లేదు రైతుగారూ ఆ దేశంలో. భూమి మూడు వాటాలు. ఒకటి సూర్యుడి గుళ్లకి, ఒకటి రాజ్యానికి, ఒకటి ఊరికి. ఊరంటే ఐయ్యు, అంటే బంధువుల గుంపు. ఊరి వాటాలో కుటుంబానికి తలలెక్కన భూమి. ఒకరి చేలో ఒకరు చేసుకునేది ఐని, మన పల్లెల్లో బదులుకు వెళ్లడం ఉంది చూశారూ, అదే. రాజ్యానికి వంతులవారీగా చేసేది మీతా. మెట్లు, కాలవలు, రోడ్లు, గిడ్డంగులు అన్నీ మీతాతో కట్టినవే.

పెద్దపల్లి_రైతు
గదే అడుగుతున్న. మా తాత వెట్టి చేసినోడు. దొర పొలంల నాటు అయినంకనే మనది, గడీల పిలుపొస్తె పెండ్లి గూడ ఆపుకొని పోవాలె. ఈ మీతా అనేది వెట్టి కాదా? పేరు మార్చి 'అద్భుతం' అంటున్నరా?

తూము_శాస్త్రి
అంత మాట అనలేం. పని చేసినన్నాళ్లూ రాజ్యం తిండి పెట్టేది, చిచా అనే మొక్కజొన్న కల్లు పోసేది, గుడ్డలిచ్చేది. కరువొస్తే గిడ్డంగులు తెరిచేది. బొలీవియాలో కోచబాంబా లోయలో కోటపాచి అనే ఒక్క చోటే 2,400 కొల్కాలు ఉండేవి. కొల్కా అంటే గాలి ఆడేలా రాతితో కట్టిన గిడ్డంగి.

పెద్దపల్లి_రైతు
తిండి పెడితే వెట్టి కాకుంట పోతదా సారూ? దొర గూడ దసరాకు యాట కోసెటోడు.

అరెకీపా_పద్మ
ఇద్దరూ కొట్టుకోకండి, రెండూ ఉన్నాయి. ఆ గిడ్డంగుల్లో ధాన్యం జనం కంటే సైన్యానికే ఎక్కువ వెళ్లిందనే చరిత్రకారులున్నారు. ఓడిపోయిన ఊళ్లని ఉన్నపళంగా వందల మైళ్ల దూరానికి తరలించేవాళ్లు, వాళ్లని మిత్మా అనేవారు. కోచబాంబాలో మొక్కజొన్న పండించింది అలా తెచ్చిన జనం, వంతుకి వచ్చిన జనమే. అది చూస్తే రైతన్న చెప్పింది తప్పనలేను.

కానీ అసలు వెట్టి తర్వాత వచ్చింది. 1532లో స్పానిష్ సేనాని పిసారో మనుషులు కహమార్కాలో రాజు అతావల్పాని పట్టుకున్నారు. 1570ల్లో వైస్రాయ్ తొలేదో ఆ 'మీతా' పేరునే ఉంచి, జనాన్ని పొతోసీ వెండి గనుల్లోకీ వాన్కవెలికా పాదరసం గనుల్లోకీ తోలాడు. కొండల మీద చెదురుగా ఉన్న ఊళ్లని ఖాళీ చేయించి లోయల్లో కొత్త ఊళ్లలో కుదించాడు. అప్పటికే మశూచి లాంటి కొత్త జబ్బులు సగానికి పైగా జనాన్ని తినేశాయి. మెట్లు చూసేవాళ్లెవరు? కోల్కా లోయలో నేను చూసిన వాలుల్లో ఒకవైపు పచ్చగా ఉంటే, పక్కనే గోడలు జారి ముళ్లచెట్లు మొలిచి ఉన్నాయి. ఏటా ఒక రాయి సర్దకపోతే పదేళ్లకి మెట్టు పోతుందని మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ అనేది, వాళ్లది ఆ లోయే.

వేదిక_నిర్వాహకుడు
చర్చ బాగుంది. దొరల విషయం ఇప్పటి పార్టీల దాకా లాగొద్దని మనవి. రెండు పోస్టులు తీసేశాను, రాసినవాళ్లకి తెలుసు.

కృష్ణలంక_శీను
పద్మగారూ, పూనో అన్నారు. అక్కడ బంగాళాదుంపని ఎండబెట్టి పదేళ్లు దాస్తారని ఎక్కడో చదివాను. ఫ్రిజ్ లేకుండా దుంప పదేళ్లా?

అరెకీపా_పద్మ
చూన్యో! దాని గురించి అడగరేమా అని చూస్తున్నాను.

తితికాకా సరస్సు 3,800 మీటర్ల ఎత్తున ఉంది. జూన్, జూలైలో అక్కడ పగలు కళ్లు మండే ఎండ, రాత్రి మైనస్‌లోకి పడిపోయే చలి. ఆ రెండింటినీ వాడుకున్నారు. చిన్న దుంపల్ని చదునైన గడ్డి నేల మీద ఒక్క వరసగా పరుస్తారు. రాత్రి గడ్డకడతాయి, పగలు కరిగి మెత్తబడతాయి. మూడు నాలుగు రాత్రులయ్యాక కుప్పలు చేసి కాళ్లతో తొక్కుతారు. నేను వెళ్లినప్పుడు ఒక ముసలావిడ చెప్పులు విప్పి ఎక్కమంది. చలికి పాదం తిమ్మిరెక్కింది కానీ కాలి కింద దుంప పొట్టు జారిపోవడం, నీళ్లు పిచికారీలా చిమ్మడం భలే ఉంది. ఆ తర్వాత ఎండలో ఆరబెడతారు. చివరికి గులకరాయిలా చిన్నగా, తేలికగా, నల్లగా. ఐదు కిలోల దుంప ఒక కిలో అవుతుంది. తొక్కేముందు కొన్ని వారాలు ఏటినీళ్లలో నానేస్తే తెల్లటిది వస్తుంది, దాన్ని తుంతా అంటారు.

రుచా? నిజం చెప్పనా? మొదటిసారి తడిసిన అట్ట నమిలినట్టుంది. వేరుశెనగ పులుసులో ఉడికించి పెడితే రెండోసారి అడిగి వేయించుకున్నాను.

దాచడం ఒక్కటే కాదు లాభం. అంత ఎత్తున మంచుకి తట్టుకుని పండే దుంపలు చేదు రకాలు, లుకి అంటారు. వాటిలో విషం ఉంటుంది, వండినా పోదు. ఈ గడ్డకట్టించి, తొక్కి, కడిగే పనిలో ఆ చేదు కారిపోతుంది. అంటే మామూలు దుంప బతకని చోట కూడా తిండి పుట్టించారన్నమాట. ఇంకో సంగతి వింటే నవ్వుతారు. చేదు దుంపల్ని అక్కడివాళ్లు ఒకరకం బంకమట్టి కలిపిన చట్నీలో అద్దుకు తింటారు. మట్టి ఆ విషాన్ని పట్టేసుకుంటుంది. ఇప్పటికీ సంతలో ఆ మట్టి ముద్దలుగా అమ్ముతారు.

ఇంకాల గిడ్డంగుల బలంలో పెద్ద వాటా చూన్యోదే. తర్వాత స్పానిష్ వాళ్లు దాన్నే పొతోసీ గని కూలీలకి తిండిగా అమ్ముకున్నారు. అలా అమ్ముకునే ధనవంతులై స్పెయిన్ వెళ్లిపోయినవాళ్లున్నారని స్పానిష్ రచయిత సియెసా దె లెయోన్ ఆ కాలంలోనే రాశాడు.

కృష్ణలంక_శీను
మన లంబసింగిలో చేసుకోవచ్చేమో! డిసెంబర్‌లో సున్నా దగ్గరికి వస్తుంది కదా, స్టార్టప్ పెడతా.

తూము_శాస్త్రి
సున్నా దగ్గరికి వస్తే చాలదు, వరసగా నాలుగు రాత్రులు సున్నాకి బాగా కిందికి పోవాలి. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు, పైగా పొగమంచు తేమ. మీ దుంపలు బూజు పట్టి పెట్టుబడిదారులు పారిపోతారు.

మట్టిపిచ్చి
ఆలస్యంగా వచ్చాను. ఎరువు సంగతి ఎవరూ ఎత్తలేదే? పెరూ తీరంలో చించా దీవుల్లో సముద్రపక్షుల రెట్ట గుట్టలుగా పేరుకుపోయేది, వాన పడదు కనక నత్రజని కొట్టుకుపోదు. ఇంకాల కాలంలో ఏ దీవి ఏ ప్రాంతానిదో హద్దులుండేవనీ, పక్షులు గుడ్లు పెట్టే కాలంలో దీవి మీద అడుగు పెడితే మరణశిక్షనీ గార్సిలాసో రాశాడు. వాళ్ల కెచువా భాషలోని 'వాను' అన్న మాట నుంచే ఆ ఎరువుకి గువానో అనే పేరు వచ్చింది. 19వ శతాబ్దంలో ఆ గుట్టల కోసం ఓడలు క్యూ కట్టాయి, 1864లో స్పెయిన్ దీవుల్ని ఆక్రమించి యుద్ధమే చేసింది. కొన్ని దశాబ్దాల్లో తవ్వి అడుగంటించేశారు. తీరంలో కొన్నిచోట్ల మొక్కజొన్న గింజలతోపాటు చేప తలకాయ పాతిపెట్టేవాళ్లట.

అమెజాన్‌లో టెర్రా ప్రేటా అని నల్లమట్టి ఉంది. అడవి మట్టి ఎర్రగా నిస్సారంగా ఉంటే, పాత ఊళ్లున్న చోట్ల మాత్రం బొగ్గు, కుండ పెంకులు, ఎముకలు కలిసి నల్లగా, ఇన్నేళ్లయినా సారంగా ఉంది. వాళ్లు కావాలనే చేశారా, చెత్త వేస్తూ వేస్తూ అయిందా అన్న తగువు తెగలేదు. నాకు మాత్రం పెంటకుప్ప విలువ తెలిసినవాడు ఒక్కసారి చూస్తే రెండోసారి కావాలనే చేస్తాడనిపిస్తుంది.

పెద్దపల్లి_రైతు
మట్టిపిచ్చి అన్నా, నువ్వు మనోడివే.

కృష్ణలంక_శీను
నేను ఇంకోటి వెతికాను. మెక్సికోలో అజ్టెక్‌ల 'తేలే తోటలు'. నీళ్ల మీద తెప్పలా తేలుతూ పంటలు. మన కొల్లేరులో పెట్టొచ్చా?

తూము_శాస్త్రి
తేలవండీ. చినాంపా అనేది తెప్ప కాదు, దిబ్బ. లోతు తక్కువ సరస్సులో పొడుగాటి మడి గీసుకుని, చుట్టూ కర్రలు పాతి, నీటి గడ్డీ అడుగు బురదా వంతులుగా పోసుకుంటూ నీటి మట్టానికి పైకి లేపుతారు. అంచున అవెహోతే అనే నిటారుగా పెరిగే జాతి చెట్లు నాటితే వేళ్లు కట్టని పట్టుకుంటాయి. మడికీ మడికీ మధ్య పడవ పోయేంత కాలవ. వేర్లకి కింది నుంచే తడి అందుతుంది కాబట్టి తోడి పొయ్యక్కర్లేదు. కాలవ అడుగు బురదని ఏటా తీసి మడి మీద పోస్తే అదే ఎరువు, కాలవా పూడదు.

నాకు బాగా నచ్చింది వాళ్ల నారుమడి. బురదని పలచగా పరిచి, కాస్త ఆరాక కత్తితో మైసూర్‌పాక్ ముక్కల్లా కోస్తారు. ఒక్కో ముక్కలో వేలితో గుంట చేసి ఒక్కో గింజ. మొలక లేచాక ముక్కతో సహా తీసి నాటుతారు. దాన్ని చపీన్ అంటారు. ఇవాళ ప్రో‌ట్రేలలో మిరప నారు కొంటున్నామే, అదే పని. మడిలో ఒక పంట ఉండగానే పక్కన రెండోది నారు దశలో ఉంటుంది, అందుకే ఏడాది పొడుగునా ఖాళీ ఉండదు.

ఇప్పటి మెక్సికో నగరానికి దక్షిణాన సోచిమిల్కో, చాల్కో సరస్సుల్లో దాదాపు 9 వేల హెక్టార్లు ఇలా సాగయ్యాయని అంచనా. ఒక చిక్కుంది, పక్కన తెస్కోకో సరస్సు ఉప్పునీరు. అది మంచినీటిలో కలవకుండా 15వ శతాబ్దం నడుమ రాజు నెసావల్‌కోయోత్ల్ ఆధ్వర్యంలో కిలోమీటర్ల పొడుగున అడ్డుకట్ట వేశారు. 1521లో స్పానిష్ సేనాని కోర్తెస్ అజ్టెక్‌ల పట్నాన్ని పడగొట్టాక ఆ కట్టలూ పోయాయి, 1607 నుంచి సరస్సులనే బయటికి తోడెయ్యడం మొదలుపెట్టారు. మిగిలిన సోచిమిల్కో ముక్క 1987లో యునెస్కో జాబితాలో చేరింది. ఊటలు నగరానికి మళ్లించేసి, కాలవల్లోకి శుద్ధిచేసిన మురుగునీరు వదులుతున్నారు. కొల్లేరులో కొత్త దిబ్బలు పోస్తానని మాత్రం బయట అనకండి, ఉన్న గట్లు కొట్టించడానికే ప్రభుత్వానికి తాతలు దిగొచ్చారు.

పెద్దపల్లి_రైతు
ఇన్ని మంచి పద్ధతులున్నయ్ గదా, మళ్ల ఎందుకు చేస్తలేరు? గదొక్కటి చెప్పున్రి.

అరెకీపా_పద్మ
చేసి చూశారు అన్నా. తితికాకా ఒడ్డున 'వారు వారు' అనే పేరుతో పాత ఎత్తుమళ్లు ఉన్నాయి. ఇంకాల కంటే చాలా ముందువి. మనిషి నడుమెత్తు మట్టి దిబ్బ, పక్కన కాలవ, మళ్లీ దిబ్బ. కాలవ నీరు పగటి వేడిని దాచుకుని రాత్రి వదలడంతో మంచు దెబ్బ తగ్గుతుంది, కరువులో తడి, వరదలో గట్టు. ఆ జాడలు సుమారు 82 వేల హెక్టార్లలో కనబడ్డాయి.

1981 నుంచి క్లార్క్ ఎరిక్సన్ అనే పురావస్తు పరిశోధకుడు వాట్టా అనే ఊళ్లో జనంతో కలిసి కొన్నింటిని మళ్లీ లేపాడు. రసాయన ఎరువు లేకుండా హెక్టారుకి సగటున 10 టన్నుల దుంప వచ్చింది. ఆ జిల్లా మామూలు పంట 1 నుంచి 4 టన్నులు. పేపర్లు ఎత్తుకున్నాయి, సంస్థలు వచ్చాయి, పని చేసినవాళ్లకి తిండిగింజలూ డబ్బూ ఇచ్చి ఊరూరా తవ్వించారు. 1990లు దాటేసరికి చాలామటుకు వదిలేశారు. నేను బస్సులోంచి చూసినప్పుడు గట్ల మధ్య ఆవులు మేస్తున్నాయి.

పెద్దపల్లి_రైతు
ఎందుకిడిసిపెట్టిన్రో నేను చెప్తనా? పైసలు బంద్ అయినై, పని బంద్ అయింది. దిబ్బ లేపాల్నంటె ఊరంత కావాలె. ఊరంత లీమా పట్నానికి కూలికి పోయింది. నాకు హెక్టారుకు 10 టన్నులని చెప్పకున్రి, మనిషి ఒక రోజు పనికి ఎన్ని కిలోలో చెప్పున్రి.

తూము_శాస్త్రి
అక్కడి పరిశోధకుల్లో ఒక వర్గం అన్నది సరిగ్గా ఇదే. హెక్టారు లెక్కలో గెలుస్తుంది, మనిషి-రోజు లెక్కలో పెద్దగా గెలవదు. ఎకరం కొదవైన చోట, ఆజ్ఞాపించే రాజ్యం ఉన్నచోట చెల్లుబాటయ్యే పద్ధతి. ఎరిక్సన్ మాత్రం దీన్ని ఒప్పుకోడు, రాజ్యం లేకుండా ఊళ్లే సొంతంగా కట్టుకున్నాయంటాడు. పైగా ప్రాజెక్టులు కుటుంబాల పొలాలు వదిలి ఊరుమ్మడి భూముల్లో చేయించడం కూడా దెబ్బ తీసిందంటారు. మన చెక్‌డ్యాములు కట్టినవాడు వెళ్లిపోయాక ఏమయ్యాయో చూసినవాణ్ణి, నాకు రైతుగారి మాటే చెవికి ఎక్కుతోంది. మీతా గురించి ముందు అన్న మాట కూడా కొంచెం వెనక్కి తీసుకుంటాను.

పెద్దపల్లి_రైతు
కొంచెమేనా సారూ 😄

చాండ్లర్_మురళి
బ్రదర్స్, మా ఊళ్లో కథ ఒకటి వేస్తా. అరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల మనవాళ్లం బోలెడంతమంది ఉన్నాం. నేను రోజూ సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తాను. ఏదో అమెరికా ప్రభుత్వం తవ్విందనుకున్నా. తీరా చూస్తే ఈ ఎడారిలో మొదట కాలవలు తవ్వింది హోహోకం జనం, వెయ్యేళ్ల పైమాటే. సాల్ట్ నది నుంచి వందల మైళ్ల కాలవలు, కర్రలూ రాతి పనిముట్లతో. మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి, పత్తి. మైలుకి ఒకటి రెండు అడుగుల వాలు మాత్రమే ఇచ్చారు. ఎక్కువిస్తే ఒరుసుకుపోతుంది, తక్కువిస్తే పూడుతుంది.

1450 ప్రాంతానికి వాళ్ల ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1867లో జాక్ స్విల్లింగ్ అనే ఆయన వచ్చి, పాత కాలవల జాడల వెంటే కొత్తవి తవ్వించాడు. బూడిదలోంచి లేచిన పక్షి పేరు ఊరికి అందుకే పెట్టారు. ఎయిర్‌పోర్టు పక్కనే మ్యూజియం ఉంది, అసలు కాలవ కనబడుతుంది. ఇండియా నుంచి పేరెంట్స్ వస్తే గ్రాండ్ కేన్యన్‌తో పాటు అక్కడికీ తీసుకెళ్లండి, మా నాన్న గట్టు మీద కూచుని గంటసేపు లేవలేదు.

తూము_శాస్త్రి
మీ నాన్నగారికి నా నమస్కారాలు. మైలుకి అడుగు వాలు! లెవెల్ మిషన్ ఉండి కూడా మేం తప్పులు చేశాం.

వంటిల్లు_వసుంధర
ఇంత చదివాక నాకు తెలిసింది కూడా చెప్పాలనిపించింది. పొలం దగ్గరే ఆగిపోయారు అందరూ, పొయ్యి దాకా రండి.

మెక్సికోలో పాత పద్ధతి మిల్పా. ఒకే గుంటలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. మొక్కజొన్న కాడ చిక్కుడు తీగకి పందిరి, చిక్కుడు వేళ్లు నేలకి నత్రజని, గుమ్మడాకు నేలని కప్పి తడీ కలుపూ చూసుకుంటుంది. ఉత్తర అమెరికాలో ఇరొక్వా తెగలు వీటిని ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు. మొక్కజొన్న అక్కడిదే, బాల్సాస్ నది లోయలో తియోసింతె అనే గడ్డి నుంచి దాదాపు 9 వేల ఏళ్ల కిందట మలిచినది.

అయితే ఒట్టి మొక్కజొన్న మీదే బతికితే పెల్లాగ్రా వస్తుంది. చర్మం పొలుసులు, విరేచనాలు, మతి చెదరడం. మెక్సికోలో ఎందుకు పెద్దగా రాలేదు? వాళ్లు గింజని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి రుబ్బుతారు. గింజలో కట్టుబడి ఉన్న నయాసిన్ విటమిన్ దాంతో విడుదలవుతుంది. యూరప్ వాళ్లు గింజ పట్టుకెళ్లారు, సున్నం సంగతి వదిలేశారు. ఇటలీ పేదలకి ఆ జబ్బు పట్టుకుంది, పేరు కూడా ఇటాలియన్‌దే, గరుకు చర్మం అని. వండే ఆడవాళ్లని అడిగి ఉంటే సరిపోయేది కదా?

మన దగ్గరి కథ ఇంకోటి. దక్కన్‌లో జొన్న తినే పేదల్లో కూడా ఈ జబ్బు కనిపించింది. హైదరాబాద్‌లో ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అంటున్నామే, అక్కడ పనిచేసిన సి. గోపాలన్, శ్రీకంటియా 1960లో దీని మీద రాశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని వాళ్ల వాదన. తర్వాత దాని మీద చాలా చర్చ నడిచింది. మా అత్తగారు ఉస్మానియాలో నర్సు, మెడ చుట్టూ నల్లటి పట్టీలాంటి మచ్చతో రోగులు వచ్చేవాళ్లని చెప్పేవారు.

కృష్ణలంక_శీను
మేడం, సున్నం అంటే... గోడకి వేసేదా?!

వంటిల్లు_వసుంధర
గోడది కాదు బాబూ, తాంబూలంలో వేసుకునేది. రసాయనం అదే, శుభ్రత వేరు. కిలో గింజకి పది గ్రాములు, మూడు లీటర్ల నీళ్లు. అరగంట పైన ఉడికించి మూత పెట్టి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున పొట్టు జారేదాకా మూడు నాలుగు నీళ్లు కడగాలి. అల్యూమినియం గిన్నె వద్దు, నల్లబడుతుంది. స్వీట్‌కార్న్ పనికిరాదు, ఎండు గింజ కావాలి. విత్తనాల దుకాణంలో రంగు పూసిన గింజ అసలు ముట్టుకోవద్దు, దానికి మందు పట్టించి ఉంటుంది. రైతుగారూ, మీ మక్కలు రెండు కిలోలు పంపిస్తారా? పైసలిస్తాను, వెట్టి కాదు.

పెద్దపల్లి_రైతు
అక్కా, బస్సుల ఏస్త. పైసలొద్దు, రొట్టె ఎట్లొచ్చిందో చెప్పు.

వంటిల్లు_వసుంధర
(తొమ్మిది రోజుల తర్వాత) మక్కలు అందాయి. మొదటి విడత సున్నం ఎక్కువైంది, పసుపు రంగు తేలి నాలుక మీద తమలపాకు లేని తాంబూలంలా తగిలింది, మొత్తం పారబోశాను. రెండోది కుదిరింది. గ్రైండర్‌లో రుబ్బితే పిండి ముద్దగా పట్టు వచ్చింది. మామూలు మొక్కజొన్న పిండితో రొట్టె తడితే అంచులు విరిగిపోతాయి కదా, ఇది విరగలేదు, పెనం మీద పొంగింది కూడా. వాసన కొత్తగా ఉంది, తొలి వాన పడ్డ గోడలా. మా వారు గోంగూర పచ్చడితో నాలుగు తిన్నారు. మిరపకాయ కూడా అక్కణ్ణుంచి వచ్చిందేనని చెప్పాను, నమ్మలేదు.

పెద్దపల్లి_రైతు
మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. "సున్నం డబ్బి యాడ వెట్టినవ్" అని ఎతుకుతున్నది. అక్కా, రాత్రంత నాననియ్యాలె అంటె ఎన్ని గంటలు?

వంటిల్లు_వసుంధర
ఎనిమిది నుంచి పన్నెండు.